ఒంటరి పనికి ఊరి తోడు
(ముందుమాట)

ఈ పుస్తకంలో నన్ను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది డబ్బు పంపకం గురించిన అధ్యాయం. ఫ్రీలాన్సర్లు కలిసి పనిచేసుకోవాలని ఎవరైనా రాయడం మొదలుపెడితే స్నేహం, సహకారం, ఐకమత్యం అంటూ నాలుగు పేజీలు నడుస్తాయి. ఈ నలుగురు రచయితలూ ఆ దారిన పోలేదు. క్లయింటు యాభైవేలు ఇస్తానన్నాడు. అందులో డిజైన్ చేసినవాళ్లకు ఎంత, కోడ్ రాసినవాళ్లకు ఎంత, తెలుగు మ్యాటర్ రాసిపెట్టినవాళ్లకు ఎంత, రోజుకు పదిసార్లు ఫోనెత్తి ఆ క్లయింటుకు సమాధానం చెప్పినవాళ్లకు ఎంత? చివరి విడత డబ్బు రాకపోతే ఆ దెబ్బ ఎవరి మీద ఎంత పడాలి? ఇవి తేలకుండా పనిలో చెయ్యి పెట్టొద్దంటారు వీళ్లు. మొహమాటంతో మొదలైన పని మాటామాటా అనుకోవడంతో ముగియడం నేను చాలాసార్లు చూశాను. ముందే లెక్క మాట్లాడుకున్నవాళ్లు ఏళ్ల తరబడి కలిసి పనిచేయడమూ చూశాను. అందుకే పుస్తకం చేతికి రాగానే ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను.

రచయితలు నలుగురూ విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి ప్రాంతాల్లో ఇంటి నుంచి వెబ్ పని చేసుకునేవాళ్లు. ఒకమ్మాయి డిజైనర్. ఒకతను వర్డ్‌ప్రెస్ సైట్లు చేస్తాడు. ఇంకొకతను సర్వర్ల సంగతి చూస్తాడు. నాలుగో ఆవిడ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మ్యాటర్ రాస్తుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు, బెంగళూరుల నుంచి పెట్టే బేడా సర్దుకుని వచ్చి, తిరిగి వెళ్లకుండా ఉండిపోయినవాళ్లు ఇద్దరున్నారు వీళ్లలో. పక్క వీధిలోనే తమ పని చేసే మనిషి ఉన్నాడని తెలియక, చిన్న సాయానికి కూడా ముక్కూమొహం తెలియని వాళ్లకు డాలర్లు కట్టుకున్న రోజుల గురించి మొదటి అధ్యాయంలో రాశారు. ఆ తర్వాత ఒకరికొకరు తెలిసి, నెలకోసారి ఒకరింటి మేడ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. తెలుగు ఫాంట్ల గురించి ఏదో సందేహం వచ్చి నన్నూ పిలిచారు. నాకు వీళ్లతో పరిచయం అలా కలిగింది.

నాది అచ్చుపని. విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టుపక్కల ఒకప్పుడు పుస్తకం ఎలా తయారయ్యేదో ఎరిగినవాళ్లకు ఈ పిల్లలు చేస్తున్న పని పరాయిదిగా అనిపించదు. కేసుల్లోంచి సీసపు అక్షరాలు ఏరి కూర్చే కంపోజిటరు ఒకరు. ప్రూఫులు దిద్దే పంతులుగారు ఒకరు. ముఖచిత్రం వేసే ఆర్టిస్టు వేరు, ఆ బొమ్మను జింకు బ్లాకుగా చేసిపెట్టేవాళ్లు వేరు. ఫారాలు ఒక ప్రెస్సులో, అట్ట ఇంకో ప్రెస్సులో పడేవి. మడతలు పెట్టి, కుట్టి, అంచులు కోసి ఇచ్చే బైండరు ఆ పక్క సందులో ఉండేవాడు. పుస్తకం మొత్తాన్ని చేసిపెట్టగల సరంజామా వీళ్లలో ఏ ఒక్కరికీ లేదు. అయినా పబ్లిషరు ఎవరి గడప తొక్కినా పుస్తకం బయటికి వచ్చేది. ఎవరి పని ఎంత బాగుంటుందో, ఎవరు చెప్పిన రోజుకు ఇస్తారో, ఎవరికి ముందు కొంత డబ్బు చేతిలో పెడితేగాని పని కదలదో అందరికీ తెలుసు కాబట్టి.

కంప్యూటర్లో పేజీలు కట్టే పేజ్‌మేకరూ, తెలుగుకు ‘అను’ ఫాంట్లూ వచ్చాక ఇదంతా మారిపోయింది. ఒక మనిషి, ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు ఉంటే పుస్తకం పని మొత్తం ఒక గదిలో అయిపోతుందనే నమ్మకం వచ్చింది. ఆ నమ్మకం వల్ల పనులు తొందరగా అయ్యాయి, ఖర్చు తగ్గింది. ప్రూఫులు చూసే మనిషి మాత్రం పోయాడు, తప్పులు పెరిగాయి. ఇంటర్నెట్ పనిలో ఆ ధోరణి ఇంకా ముదిరింది. అన్నీ నేనే చేస్తానని చెప్పినవాడికే పని దొరుకుతుందని పిల్లలు అనుకునే స్థితి వచ్చింది. చేతిపనుల్లో పుట్టుకతోనే ఈ ఒంటరితనం లేదు. ఒక పనిముట్టు వచ్చి అలవాటు చేసింది. వీళ్లు ఆ అలవాటును మాన్పే ప్రయత్నంలో ఉన్నారు. నేను ఈ పుస్తకాన్ని మనసారా మెచ్చుకోవడానికి ముఖ్యమైన కారణం అదే.

వెబ్ పనిలో ఒక్కడే అన్నీ చేయబోతే ఏమవుతుందో పుస్తకంలో ఒక ఉదాహరణతో చెప్పారు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక వ్యాపారికి సైటు కావాలి. తేజ, 334, బ్యాడిగి రకాలు విడివిడిగా చూపించాలి. కోల్డ్ స్టోరేజీలో సరుకు ఫొటోలు తీయాలి. విదేశీ కొనుగోలుదారు చదివి నమ్మేలా ఇంగ్లీషు ఉండాలి. సైటులో ఫారం నింపితే వచ్చే మెయిల్ వ్యాపారి ఇన్‌బాక్సులో పడాలి. బొమ్మలు చక్కగా పేర్చిన డిజైనరుకు ఈ చివరి సంగతి పట్టలేదు. మెయిల్ అసలైనదేనని చూపడానికి డొమైన్ సెట్టింగుల్లో పెట్టాల్సిన ఎస్పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టలేదు. వచ్చిన ఎంక్వైరీలన్నీ స్పామ్‌లో కూరుకుపోయాయి. వ్యాపారి ఆర్నెల్లు చూసి, వెబ్‌సైటు వల్ల దమ్మిడీ ఉపయోగం లేదని తేల్చేశాడు. ఆ మాట ఆయన మిర్చి యార్డులో తోటి వ్యాపారులకూ చెప్పాడు. ఒకరు చేసిన అరకొర పని ఊళ్లో ఆ వృత్తి చేసేవాళ్లందరి బేరం పోగొట్టింది. సర్వర్ల పని తెలిసిన మనిషి అరపూట కూర్చుంటే తీరిపోయే లోపం అది. ఊళ్లో తోటివాడు పోటీదారు అనుకునేవాళ్లు ఈ ఉదాహరణ నిదానంగా చదవాలని నా కోరిక.

మేడ మీద ఒక సమావేశంలో నేను కళ్లారా చూసినది చెబుతాను. గుంటూరు అమ్మాయి ఒకామె ఒక స్కూలు సైటుకు ఫొటోషాపులో బ్యానర్లు చేస్తోంది. రాష్ట్రం అని కొడితే రాష్‌ట్‌రం అని పడుతోంది. వత్తులన్నీ విడిపోయి పొల్లులుగా నిలబడ్డాయి. ఫాంటు చెడ్డదనుకుని ఒకటి తీసి ఇంకొకటి వేసి చూసి విసిగిపోయింది. చివరికి తెలుగు మాటను వేరే చోట టైపు చేసి, దాని ఫొటో తీసి అతికిస్తోంది. ఏళ్లుగా డీటీపీ పనిలో ఉన్న ఒకాయన ఆమె వెనక నిలబడి చూశాడు. "అమ్మా, ఫాంటు తప్పు కాదు, ఇటివ్వు" అని మౌసు తీసుకుని, ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోటికి వెళ్లి, టెక్స్ట్ ఇంజన్ దగ్గర దక్షిణాసియా లిపులకు పనికొచ్చే ఎంపిక నొక్కాడు. ఫైలు మూసి మళ్లీ తెరిచి కొట్టమన్నాడు. వత్తులు వాటి చోట్లలో అవి కూర్చున్నాయి.

ఆయనకూ ఆ పూట ఒక పని జరిగింది. ఆయన దగ్గర ఒక రచయిత పుస్తకాలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని సైటులో పెట్టబోతే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గుంపులు వస్తున్నాయి. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు కనబడినా లోపల ఉన్నవి రోమన్ అక్షరాల స్థానాలే కాబట్టి, వెతుకులాటలో ఒక్క మాట కూడా దొరకదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పద్ధతి, మార్చిన తర్వాత ఎక్కడెక్కడ వత్తులూ అంకెలూ చెడతాయో చూసుకునే పద్ధతి ఆ అమ్మాయే ఆయనకు చూపించింది. మండలి, గిడుగు, పెద్దన, ధూర్జటి లాంటి పేర్లతో ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయనీ, వాటిని సైటుల్లో వాడుకోవడానికి ఎవరికీ రుసుము కట్టక్కర్లేదనీ చెప్పింది. ఎవరూ ఎవరికీ పాఠం చెప్పినట్టు లేదు. తండ్రీకూతుళ్ల వయసున్న ఇద్దరు పనివాళ్లు ఎదురెదురుగా కూర్చుని తమ చేతిలో ఉన్నది ఇచ్చిపుచ్చుకున్నారు.

ఇలా ఒకచోట చేరాలనే కోరిక మన ఊళ్లకే పరిమితం కాదు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామరు, ఉద్యోగంలో ఉండే తోడూ ఫ్రీలాన్సులో ఉండే స్వేచ్ఛా రెండూ కావాలనుకుని, వారానికి రెండు రోజులు ఒక చోటు అద్దెకు తీసుకుని అందరినీ రమ్మన్నాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదు. ఇవాళ ప్రతి నగరంలోనూ కనబడే కోవర్కింగ్ ఆఫీసుల వరస అక్కడ మొదలైంది. ఈ పిల్లల్లో చాలామందికి కూడుపెట్టే వర్డ్‌ప్రెస్ కథ ఇంకా బాగుంటుంది. 2003లో అమెరికాలో ఉన్న మాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లండులో ఉన్న మైక్ లిటిల్ దూరదూరాన ఉండే దాన్ని మొదలుపెట్టారు. ఎక్కడి నుంచైనా పనిచేయవచ్చని నిరూపించినది వాళ్ల పని. అయినా మూడేళ్లు తిరిగేసరికి, 2006లో, వర్డ్‌క్యాంప్ పేరుతో ఆ పని చేసేవాళ్లంతా శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చోట కూర్చున్నారు. ఆ తర్వాత దేశదేశాల్లో ఊరూరా అలాంటి సభలు జరుగుతూ వచ్చాయి.

నా దృష్టిలో ఈ పుస్తకంలో అన్నిటికన్నా ముందు అమలు చేయాల్సిన సూచన "బదులు మనిషి". గుంపులో ప్రతి ఒక్కరూ తమకు బదులుగా ఇంకొకరిని పెట్టుకోవాలి. తమ క్లయింట్ల హోస్టింగు, డొమైన్లు, బ్యాకప్పులు ఎక్కడున్నాయో ఆ మనిషికి తెలిసి ఉండాలి, అవసరమైతే లోపలికి వెళ్లే వీలు ఉండాలి. క్లయింటుకూ ఆ మనిషి ఎవరో ముందే చెప్పాలి. ఇది ఎందుకు పుట్టిందో రాశారు. తెనాలి కుర్రాడి తండ్రికి గుండె ఆపరేషన్ జరుగుతున్న రోజునే అతను చూసే కాలేజీ సైటు పడిపోయింది. అడ్మిషన్ల రోజులు. అతను ఆపరేషన్ థియేటరు బయట కూర్చుని ఉన్నాడు, ఫోను మోగుతూనే ఉంది. మంగళగిరిలో ఉన్న స్నేహితుడు బ్యాకప్పు ఎక్కించి గంటలో సైటు లేపాడు. ఆ కుర్రాడు తండ్రి పక్కనే ఉండగలిగాడు. ఒంటరిగా పనిచేసేవాడికి సెలవు లేదు, జ్వరం రాకూడదు, ఇంట్లో పెళ్లి జరగకూడదు అన్నట్టుగా బతికే పిల్లలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్లకు ఈ ఒక్క ఏర్పాటు ఎంత ఊరటో చెప్పలేను.

డొమైన్ విషయంలో వీళ్లు మరీ కచ్చితంగా ఉన్నారు, ఉండాలి కూడా. డొమైన్ ఎప్పుడూ క్లయింటు పేరుమీదే కొనాలంటారు. చేసిపెట్టినవాడి పేరుమీద ఉండి, అతను ఏ అమెరికాకో వెళ్లిపోయి, రెన్యూవల్ మెయిళ్లు ఎవరూ చూడని పాత పెట్టెలో పడుతుంటే గడువు దాటిపోతుంది. డాట్‌కామ్ పేరు గడువు దాటి కొన్నాళ్లైతే మామూలు రుసుముతో రాదు. రిడెంప్షన్ అనే 30 రోజుల్లో చాలా ఎక్కువ కట్టి విడిపించుకోవాలి. అదీ దాటితే ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇరవై ఏళ్లుగా దుకాణం బోర్డు మీదా బిల్లుపుస్తకాల మీదా వేసుకున్న పేరు పరాయివాళ్ల పాలవుతుంది.

పన్నుల భాగం చదవడానికి కొంచెం ఓపిక కావాలి, కానీ దాటెయ్యకండి. కలిసి పనిచేసేటప్పుడు సాధారణంగా ఒకరు మొత్తం బిల్లు వేసి, వచ్చినదాంట్లోంచి మిగతావాళ్లకు ఇస్తారు. దీనిలో ఉన్న చిక్కును వీళ్లు తేటగా విప్పారు. సేవలకు జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షలు. మీరు 22 లక్షల బిల్లులు వేసి అందులో 12 లక్షలు తోటివాళ్లకు ఇచ్చినా, లెక్కలోకి వచ్చేది 22 లక్షలే. ఆదాయపు పన్నులోనూ అంతే. వచ్చిన మొత్తంలో కనీసం సగాన్ని లాభంగా చూపించే సులువు పద్ధతిని చాలామంది వాడుకుంటున్నారు. పది లక్షలు వచ్చి ఆరు లక్షలు పంచేస్తే చేతిలో మిగిలేది నాలుగే, లాభంగా చూపాల్సింది మాత్రం కనీసం అయిదు. కాబట్టి పెద్ద పనుల్లో ఎవరి భాగానికి వాళ్లే క్లయింటుకు నేరుగా బిల్లు వేయాలనీ, అది కుదరకపోతే ఆడిటరును కలిశాకే ఒప్పుకోవాలనీ రాశారు. మంచి మనసుతో పదిమందికి పని పంచినవాడు పన్ను దగ్గర దెబ్బతినకూడదు కదా.

రావాల్సిన డబ్బు గురించి కూడా ఒక మంచి మాట ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం కింద, కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు, అది ఒక్క మనిషి నడిపేదైనా సరే, ఒప్పందం ఉంటే 45 రోజులు మించకుండా, లేకపోతే 15 రోజుల్లో కొనుగోలుదారు డబ్బు ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో. నమోదుకు పైసా ఖర్చు లేదు. "వచ్చే వారం చూద్దాం బాబూ" అనే మాటకు ఏళ్లుగా తలూపుతున్న పిల్లలకు ఈ సంగతి తెలిస్తే అడిగే గొంతు మారుతుంది. ఒక్కరే అడగలేకపోతే, గుంపులో లెక్కలు తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఉత్తరం రాసిపెడతారు. అలా రాసిన ఉత్తరం నమూనా కూడా పుస్తకంలో ఉంది.

రేట్ల దగ్గర వీళ్లు చూపిన నిగ్రహం నాకు నచ్చింది. ఒకరు ఇరవైవేలు అంటే పక్కవాడు అయిదువేలకే చేస్తాననడం ఈ వృత్తిలో పెద్ద గాయం. అయినా గుంపంతా కూర్చుని ఇంతకు తక్కువ ఎవరూ చేయకూడదని రేటు కట్టలేదు. అలా కట్టడం 2002 నాటి పోటీ చట్టం ఒప్పుకోదు. దానికి బదులు ఒక్కో పనికి ఎన్ని గంటలు పడుతుంది, కరెంటు, ఇంటర్నెట్, లైసెన్సులు, పని లేని నెలలు కలిపితే గంటకు ఎంత పడుతుంది అనే లెక్క నేర్పారు. ఆ లెక్క వేసుకున్న ఏ పిల్లవాడూ అయిదువేల మాట ఎత్తడు.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువ గౌరవం కలిగించిన సంగతి. మొదట్లో, మేడ మీదకు మారకముందు, ఈ గుంపువాళ్లు రాత్రి ఏడింటికి టీ దుకాణం దగ్గర కలిసేవారట. అలా కలిస్తే ఎవరు వస్తారో ఎవరు రారో వీళ్లే గమనించారు. పెళ్లయ్యాక ఉద్యోగం మానేసి, పిల్లలు బడికి వెళ్లాక ఇంట్లో కూర్చుని చక్కటి పని చేస్తున్న ఆడపిల్లలు ఈ ఊళ్లలో చాలామంది ఉన్నారు. వాళ్లు ఆ వేళకు రాలేరు. అందుకని పగలు పదకొండింటికి, ఒకరింటి మేడ మీదకు మార్చారు. ఈ పుస్తకం రాసినవాళ్లలో ఇద్దరు అలా మార్చిన తర్వాత వచ్చినవాళ్లే. ఇంకొకటి కూడా నిర్మొహమాటంగా చెబుతాను. మన ఊళ్లలో "మనవాళ్లు" అనే మాట ఎంత దూరం పోతుందో అందరికీ తెలుసు. పని ఇప్పించేటప్పుడు కులం, కాలేజీ, ఊరు చూసే అలవాటు మనలో లోతుగా ఉంది. వీళ్లు ఎవరి పేరు చెప్పినా వాళ్లు చేసిన పని చూపించి మాత్రమే చెప్పాలని నియమం పెట్టుకున్నారు. విజయవాడలో కూర్చుని ఈ నియమం రాసి, అచ్చువేసి, పాటిస్తున్నారంటే వీళ్లను చూసి నేను గర్విస్తున్నాను.

ఒక్కచోట మాత్రం నేను వీళ్లతో ఏకీభవించను. పని తెచ్చినవాళ్లు కమిషన్ తీసుకోకూడదన్నారు. బేరం తీసుకొచ్చి, మాట ఇచ్చి, పూచీ పడిన మనిషి చేసినదీ పనే. అచ్చుపనిలో అలా తెచ్చినవాళ్లకు ఏదో ఒక భాగం ముట్టేది. అందరికీ చెప్పి తీసుకున్నంతకాలం దానివల్ల ఎవరికీ చెడు జరగలేదు. దాచిపెట్టి తీసుకున్నదే గొడవ తెచ్చింది. కమిషన్ వద్దని నియమం పెడితే అది లోపాయికారీగా మారుతుందని నా భయం. శాతం ఎంతో కాగితం మీద పెట్టి, క్లయింటుకూ తెలిసేలా తీసుకోవచ్చని మార్చుకుంటే బాగుంటుంది.

రెండో ముద్రణకు ఇంకో కోరిక కూడా ఉంది. చివర ఇచ్చిన ఒప్పందం నమూనాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సంతకం పెట్టాల్సిన వాళ్లలో చీరల కొట్టు ఆయన, ఫంక్షన్ హాలు ఆవిడ, ట్యూషన్ మాస్టారు ఉన్నారు. ఎన్నిసార్లు మార్పులు ఉచితం, మ్యాటర్ ఎప్పటిలోగా ఇవ్వాలి, పని మధ్యలో ఆగిపోతే అడ్వాన్సు సంగతేమిటి, ఇవి వాళ్లు తమ భాషలో చదివి సంతకం పెడితే సగం తగవులు పుట్టవు. నాలుగో రచయిత్రి తెలుగు చేస్తానని మాటిచ్చింది. ప్రూఫులు నేను చూసిపెడతాను. అచ్చుకు వెళ్లేముందు ఆ కాగితాలు వచ్చే నెల సమావేశానికి తీసుకురమ్మన్నాను. అక్కడ ఉన్న అందరూ తమ తమ క్లయింట్ల కంటితో ఒకసారి చదవాలి.

విజయవాడ